‘ఎల్లుండి మనం’: సవరించిన అసలు ప్రతి

సాల్మన్ రాజు గారి దరఖాస్తు నిండా మూడే మూడు వాక్యాలు. పది రూపాయల స్టాంపు అంటించి, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత ఒక్కటీ లేకుండా రాశాడు.

“1985లో మీ కేంద్రం ప్రసారం చేసిన ‘ఎల్లుండి మనం’ అనే డాక్యుమెంటరీ కాపీ ఒకటి నాకు ఇప్పించగలరు. నలభై ఏళ్ల తర్వాత మనుషులు ఎలాంటి యంత్రాలతో బతుకుతారో అందులో చూపించారు. నా వయసు డెబ్భై ఎనిమిది కాబట్టి త్వరగా ఇప్పించగలరు.”

ఆ కాగితం కోరుప్రోలు ఇందుమతి బల్ల మీదకి వచ్చింది. రాష్ట్ర దృశ్య ప్రసార కేంద్రంలో ఆవిడ టేపుల లైబ్రరీకి ఇన్‌చార్జి. సమాచార హక్కు చట్టం వచ్చినప్పుడు ప్రజా సమాచార అధికారిగా ఎవరో ఒకరు ఉండి తీరాలన్నారు. ఆ రోజు సెలవులో ఉన్నది ఆవిడే కాబట్టి ఆ పని కూడా ఆవిడకే అంటగట్టారు. అడిగినవాడికి జవాబు చెప్పాలన్న చాదస్తం ఆవిడకి మొదటినుంచీ ఉంది. ఆ ఆఫీసులో దాన్ని బీపీ, షుగర్ల కోవలోకి వేసి జాలిపడేవారు.

పాత రిజిస్టరు తీసి చూసింది. నాలుగు వందల పదిహేడో నంబరు. ‘ఎల్లుండి మనం’, ఇరవై ఆరు నిమిషాలు. ఎదురుగా ఎర్ర సిరాతో ‘చెరిపి, తిరిగి వాడుకోవడమైనది’ అని ఉంది. ఆ రోజుల్లో టేపులు బంగారంతో సమానం. ఒకసారి ప్రసారం అయిపోతే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేసేవారు. ఆవిడ ఆ సంగతే రెండు లైన్లలో జవాబుగా రాసి, ఆచారం ప్రకారం డైరెక్టరు పరాంకుశం గారికి పంపింది.

పావుగంటలో పిలుపొచ్చింది.

“ఇదేంటమ్మా, ‘చెరిపివేయడమైనది’ అని రాశారు?”

“చెరిపేశారు సార్. రిజిస్టర్లో ఉంది.”

“రిజిస్టర్లో ఉంటే టేపు ఉన్నట్టే కదా!”

“నంబరుంది సార్. బొమ్మ లేదు.”

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో ఆయన ఒక్క విషయానికి కూడా ‘లేదు’ అని రాసిన పాపాన పోలేదు. “ప్రభుత్వంలో ఏదీ పోదమ్మా. కొన్ని దొరకవలసి ఉంటాయి, అంతే” అని ఆవిడ వాక్యం కొట్టేసి, తన చేత్తో రాశారు: ‘సదరు టేపు దొరకవలసి యున్నది.’

ఆ వాక్యమే కొంప ముంచింది.

సాల్మన్ రాజు ఆ జవాబు అందుకుని సంతోషపడ్డాడు. దొరకవలసి ఉందంటే నేడో రేపో దొరుకుతుందనే కదా అర్థం! లాలాగూడలో వాళ్ల ఇంటి పైవాటాలో ఒక విలేకరి అద్దెకుంటాడు. ఆ కాగితం అతనికి చూపించాడు. రెండ్రోజుల్లో పేపర్లో చిన్న వార్త పడింది: ‘నలభై ఏళ్ల కిందటే సెల్‌ఫోను చూపించిన మన టీవీ. త్వరలో వెలుగులోకి అపురూపమైన టేపు.’

ఆ ఏడాది ప్రభుత్వంలో భవిష్యత్తు గాలి బాగా వీస్తోంది. ఏ శాఖకి వెళ్లినా కొత్తగా ఒక భవిష్య విభాగం, దానికి ఒక ఏసీ గది, ఆ గదిలో తెల్లబూట్ల కన్సల్టెంటు. దేవాదాయ శాఖలో కూడా పెట్టారు. అలాంటి రోజుల్లో ఆ వార్త శాఖ కార్యదర్శి గారి కంటపడింది. మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు దిగింది.

‘విషయము: భవిష్యత్తును ముందుగా దర్శించుటలో మన శాఖ యొక్క అగ్రగామిత్వము. పై విషయమును పురస్కరించుకొని నలుబది ఐదు దినములలోగా భవిష్య వారసత్వ వారోత్సవము నిర్వహించి, గౌరవనీయ మంత్రివర్యుల సమక్షమున సదరు డాక్యుమెంటరీని ప్రదర్శించవలసినదిగా ఆదేశించడమైనది.’

పరాంకుశం గారు దాన్ని మూడుసార్లు చదివి ఇందుమతిని పిలిపించారు.

“లేదని చెప్పేద్దాం సార్” అందావిడ.

“ఎలా చెప్తామమ్మా? దొరకవలసి ఉందని రాతపూర్వకంగా ఇచ్చాం. ఇక దొరకాల్సిందే.”

దొరికించడానికి పునఃప్రాప్తి కమిటీ వేశారు. పరాంకుశం గారు అధ్యక్షులు. చీఫ్ ఇంజనీరు ఒకాయన, శాఖ పంపిన తెల్లబూట్ల కన్సల్టెంటు సభ్యులు. ఇందుమతి సభ్య కన్వీనరు, అంటే కమిటీ మాట్లాడింది రాసుకుని, టీలకి చెప్పే మనిషి.

“చెరిగిపోయిన కార్యక్రమాన్ని తిరిగి పొందడానికి శాస్త్రీయంగా ఉన్న మార్గమేంటి?” అని అడిగారు అధ్యక్షులు.

“మళ్లీ తీయడమే” అన్నాడు ఇంజనీరు.

“మళ్లీ తీయడం అనకండి. పునఃప్రాప్తి అనండి.”

ఇందుమతి పునఃప్రాప్తి అని రాసుకుంది.

స్క్రిప్టు లేదు. తీసిన ప్రొడ్యూసరు పోయి పదిహేనేళ్లు. అందులో ఏముందో ఎవరికీ గుర్తులేదు. అది మరీ మంచిదన్నాడు కన్సల్టెంటు. నిజమైన జోస్యాలు మాత్రమే పెట్టుకోవచ్చన్నాడు. సెల్‌ఫోను పెట్టారు. ఏటీఎం, డ్రోను, వీడియో కాల్ పెట్టారు. కూరగాయల బండికి అతికించిన గళ్లగళ్ల క్యూఆర్ కోడ్ కూడా పెట్టారు.

“ఎనభై అయిదులో అది ఊహించారంటే జనం నమ్ముతారా సార్?” అంది ఇందుమతి.

“నమ్మకపోతే అది జనం దార్శనికతలో లోపం” అన్నాడు కన్సల్టెంటు.

ఇంజనీరు మాత్రం నసిగాడు. “అన్నీ నిజమైపోతే అనుమానం వస్తుందండీ. పదింట ఒకటైనా తప్పు ఉండాలి.”

ఆ తప్పేదో తేల్చడానికి ఒక పూట పట్టింది. ఆఫీసుల్లో ఫైళ్లు ఉండవని జోస్యం పెడదామన్నాడు ఇంజనీరు. అది తప్పని ఒప్పుకుంటే మన శాఖని మనమే తప్పు పట్టినట్టు కదా అన్నారు అధ్యక్షులు. పోనీ రోడ్ల మీద గుంటలుండవని పెడదామంటే మున్సిపల్ శాఖ నొచ్చుకుంటుంది. కరెంటు పోదని పెడితే విద్యుత్ శాఖకి కోపం. నిజం కాని మంచి మాట ఏది పట్టుకున్నా దాని కొస ఏదో ఒక శాఖ తోకకి తగులుతోంది. చివరికి టీ తాగుతూ కన్సల్టెంటు అన్నాడు: “మనుషులకి మూడో చెయ్యి మొలుస్తుందని పెడదాం.”

అందరూ ఆలోచించారు. మూడో చేతికి బాధ్యత వహించే శాఖ ఏదీ లేదు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

సంగతి ఎలా పొక్కిందో గానీ, మిగతా శాఖల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ‘మా పథకమును కూడా 1985లో ఊహించినట్లు చూపవలసినదిగా కోరడమైనది’ అని. ఒక నీటి సరఫరా సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. తాము ఇంకా వేయని పైపులైను డాక్యుమెంటరీలో చూపిస్తే, నలభై ఏళ్ల కిందటే జనానికి కనబడినందువల్ల దాన్ని పూర్తయినట్టుగా పరిగణించవచ్చని రాసింది. కమిటీ ఈ వాదనలో తప్పు పట్టలేకపోయింది. పైపులైను వేశారు. అంటే, అట్టముక్కతో.

ఇదంతా జరుగుతుంటే సాల్మన్ రాజు ప్రతి సోమవారం వస్తూనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. లైబ్రరీ బయట బెంచీ మీద కూర్చునేవాడు. “దొరికిందామ్మా?” అనేవాడు. “ఇంకా లేదండీ” అనేది ఇందుమతి తల దించుకుని. ఒకప్పుడు ఆ కేంద్రంలోనే సెట్టింగుల విభాగంలో బొమ్మలు చేసేవాడని, ‘ఎల్లుండి మనం’లో ఊరు, బస్సులు, సబ్బుపెట్టె సెల్‌ఫోను అన్నీ ఆయన చేతివేనని మాటల్లో తెలిసింది.

“మీరు చేసినవి చూసుకోవాలనా ఇంత తాపత్రయం?” అని అడిగింది ఒక సోమవారం.

“బొమ్మలదేముందమ్మా? థర్మకోలు. ఆ వారమే ఎలకలు కొట్టేశాయి.” గొడుగు పిడి తిప్పాడు. “అందులో మా ఇంటావిడుంది.”

ఆ రోజు పల్లెటూరి ఆడమనిషి వేషానికి రావాల్సిన నటి వానకి రాలేదట. మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చిన రూతమ్మని చూసి ప్రొడ్యూసరు, “ఈవిడ్నే నిలబెట్టండయ్యా” అన్నాడట.

“పోయి రెండేళ్లయింది. ఫొటోలున్నాయి, చర్చి వాళ్లు తీసినవి. గొంతే ఎక్కడా లేదమ్మా. సెల్లులో తీద్దామంటే ‘నా మొహం, దాన్ని తియ్యడమేంటి’ అని కొంగు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు నాకు తన గొంతు గుర్తుకు రావడం తగ్గిపోతోంది. మాటలు గుర్తున్నాయి. గొంతు పోతోంది.”

ఇందుమతి ఆయన జేబు వైపు చూసింది. తను పంపిన కాగితం ఆయన చొక్కా జేబులో, మడతల దగ్గర చిరిగి, ప్లాస్టిక్ కవర్లో ఉంది.

“సాల్మన్ రాజు గారూ, ఆ కాగితం అబద్ధమండీ. టేపు ఎప్పుడో చెరిపేశారు. నేను అదే రాశాను. పైవాళ్లు మార్చారు.”

“దొరకవలసి ఉందని ఉంది కదమ్మా?”

“అది మా ఆఫీసు భాషండీ.”

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “మంచిదమ్మా, చెప్పారు” అని లేచి వెళ్లిపోయాడు. తర్వాతి సోమవారం బెంచీ ఖాళీగా ఉంది. ఆ పై సోమవారం కూడా.

పునఃప్రాప్తి పూర్తయింది. బెల్‌బాటం ప్యాంట్లు కుట్టించి, సినిమా మీద గీతలు పడేలా కంప్యూటర్లో ఏవో మెలికలు తిప్పారు. పల్లెటూరి ఆడమనిషిగా ఒక సీరియల్ నటి శాఖ వారి యాప్‌ని మెచ్చుకుంటూ రెండు నిమిషాలు మాట్లాడింది. ప్రదర్శనకి ముందురోజు పొద్దున పరాంకుశం గారికి ఒక ఆలోచన వచ్చింది.

“అసలు టేపు కూడా గాజుపెట్టెలో పెట్టాలమ్మా. మంత్రిగారు దండ వేస్తారు. ఆ నంబరు టేపు ఎక్కడుందో తీసి, ఆడుతుందో లేదో చూసి పట్టుకురండి. దుమ్ము తుడవొద్దు.”

ఇందుమతి వెతగ్గా వెతగ్గా, వ్యవసాయ కార్యక్రమాల బీరువాలో అడుగున కనబడింది నాలుగు వందల పదిహేడు. ఇటుకంత పాత వీడియో క్యాసెట్టు. దాని మీద ‘పశువులలో గాలికుంటు వ్యాధి, నివారణ’ అని కొత్త చీటీ. కేంద్రంలో మిగిలిన ఒకే ఒక పాత యంత్రంలో పెట్టి ఆడించింది. ఒక డాక్టరు గారు ఎద్దు నోరు తెరిచి చూపిస్తున్నాడు. బాగానే ఆడుతోంది. యంత్రాన్ని అలా వదిలేసి టీ పోసుకుంది. పద్దెనిమిదో నిమిషంలో డాక్టరు నమస్కారం పెట్టాడు. తెర మీద మంచు కురిసినట్టయింది.

మంచు ఆగిపోయింది. తెర మీద తెల్లటి ఊరు. చిన్న చిన్న మేడలు, వాటి మధ్య అగ్గిపెట్టెలంత బస్సులు.

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. గాలికుంటు వ్యాధి పద్దెనిమిది నిమిషాలే. కింద ఉన్నది ఇరవై ఆరు. చెరపడానికి కూడా ఓపిక చాలక చివరి ఎనిమిది నిమిషాలూ వదిలేశారు. ఊరు పోయి, జరీ లేని నేత చీరలో ఒక ఆడమనిషి తెర మీదకొచ్చింది. నోరు విప్పబోయింది.

ఇందుమతి గబుక్కున యంత్రం ఆపేసింది. మొదట వినాల్సింది తను కాదు.

వెంటనే డైరెక్టరు గదిలోకి వెళ్లింది. “సార్, అసలుది ఎనిమిది నిమిషాలు దొరికింది.”

“ఏ అసలుది?”

“అసలు అసలుది సార్.”

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. “మరి రేపు మంత్రిగారు చూసేదేమిటి?” అని లేచి తలుపు వేసొచ్చారు. “చూడమ్మా. ఒకే కార్యక్రమానికి రెండు అసలు ప్రతులుండటం నిబంధనలకి విరుద్ధం. ఏది ముందు ఆమోదం పొందితే అదే అసలు. మీరు చూసింది పశువుల కార్యక్రమంలో వచ్చిన సాంకేతిక లోపం. సవరించేయండి.”

“అంటే చెరిపేయమనా సార్? కాగితం మీద రాసివ్వండి.”

ఆయన కలం తీశారు, మూత పెట్టారు. రెండుసార్లు అలా చేశారు. చివరికి, “ఉత్సవం అయ్యాక చూద్దాం. ప్రస్తుతం పెట్టెలో పెట్టి సీలు వేయండి” అన్నారు.

ఇందుమతి తన గదిలోకొచ్చి చట్టం పుస్తకం తెరిచింది. ఇన్నేళ్లలో మొదటిసారి మొదటి పేజీ నుంచి చదివింది. సమాచారం ఇవ్వాల్సింది ప్రజా సమాచార అధికారి. సంతకం ఆవిడది. డైరెక్టరుకి పంపి ఆమోదం తీసుకోమని ఎక్కడా లేదు. అదంతా ఆచారమట.

సాల్మన్ రాజుకి ఫోన్ చేసింది. ఆయన వచ్చేలోపు ఎనిమిది నిమిషాలూ, తెర ఆర్పేసి, శబ్దం తగ్గించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ‘కోరిన సమాచారంలో లభ్యమైన భాగం ఇవ్వడమైనది’ అని రాసి, సంతకం చేసి, తేదీతో పాటు టైము కూడా వేసింది. పెద్దాయన ఆదరాబాదరా వచ్చాడు. గొడుగు మర్చిపోయాడు.

“ఇదిగోండి.”

“సంతకాలవీ ఎక్కడమ్మా పెట్టాలి?”

“ఒక్కటే. ఇక్కడ.”

ఆయన నమ్మలేనట్టు ఆవిడ మొహంలోకి చూసి, పెన్‌డ్రైవ్‌ని రుమాల్లో చుట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. మంత్రిగారు గాజుపెట్టెలో ఉన్న గాలికుంటు వ్యాధికి దండ వేసి నమస్కరించారు. కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ కనబడగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పదింట తొమ్మిది జోస్యాలు నిజమైన డాక్యుమెంటరీ ప్రపంచంలో ఇంకోటి లేదని కార్యదర్శి గారు ప్రకటించారు. ‘ఇక మిగిలినది ఒక్కటే’ అని కూడా అన్నారు. ఆ మాట మినిట్సులోకి ఎక్కింది. వారం తిరక్కుండా వైద్య శాఖకి లేఖ వెళ్లింది: ‘మూడవ చేతి విషయమై ఇంతవరకు సాధించిన ప్రగతిని ప్రతి నెలా అయిదవ తేదీలోగా తెలియజేయవలెను.’ మొదటి నెల వైద్య శాఖ వారు ‘పురోగతిలో యున్నది’ అని జవాబిచ్చారు.

ఇందుమతికి మెమో వచ్చింది.

‘దరఖాస్తుదారుడు కోరిన సమాచారమును తాము, అది దొరికిన నాడే, రెండు గంటల పది నిమిషముల వ్యవధిలో అందజేసి, ఈ కార్యాలయ సంప్రదాయమునకు భిన్నముగా అనుచిత వేగము కనబరచినట్లు దృష్టికి వచ్చినది. ఇట్టి తొందరపాటునకు గల కారణములను తెలుపుడు. తదుపరి ఉత్తర్వుల వరకు కొండ మీది రిలే స్టేషనునందు విధులకు హాజరు కావలెను.’

“నేను చేసేదేం లేదమ్మా” అన్నారు పరాంకుశం గారు. నిజంగానే బాధపడుతున్నట్టున్నారు. “ఆ టైము రాయకపోతే ఎలాగో సర్దేవాణ్ణి. టైము ఎవరైనా రాస్తారా?”

రిలే స్టేషనుకి బయల్దేరే ముందు, ఆదివారం, ఆవిడ లాలాగూడ వెళ్లింది. రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. సాల్మన్ రాజు తలుపు తీసి, కుర్చీ తుడిచి వేశాడు. టీవీ పక్కనే రుమాలు మూట విప్పకుండా అలాగే ఉంది.

“చూడలేదాండీ?”

“ఒక్కణ్ణీ చూడలేకపోయానమ్మా. చూసేస్తే అయిపోతుందేమోనని.”

పైవాటా విలేకరిని పిలిచి పెట్టించారు. అతను రిమోట్ చేతికిచ్చి వెళ్లిపోయాడు. తెల్లటి ఊరొచ్చింది. బస్సుల వెనక దారం లాగుతున్న ఒక నల్లటి చెయ్యి అంచున కనబడిపోయింది. “అది నాదే” అన్నాడాయన సిగ్గుపడుతూ. ఆ తర్వాత నేత చీర మనిషి వచ్చింది. బూడిద రంగు వేసిన చెక్కపెట్టె ముందు నిలబడి, నోరు విప్పింది.

“మా నాయన పొలం కాగితం కావాలి బాబూ.”

సాల్మన్ రాజు రెండు చేతులూ మోకాళ్ల మీద బిగించాడు.

పెట్టెలోంచి మగగొంతు పలికింది. “ఇదిగో అమ్మా, ఈ క్షణమే పంపిస్తున్నాను. ఇక మీరు మా ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు.” పెట్టె చీలికలోంచి కాగితం బయటికొచ్చింది. రూతమ్మ దాన్ని అందుకుంది. పెదాలు బిగబట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక ఆగలేక, తల వెనక్కి వాల్చి, కళ్లలో నీళ్లొచ్చేలా పకపకా నవ్వేసింది. గంభీరమైన వ్యాఖ్యానం వినబడింది: “ఎల్లుండి మనిషి ముఖంలోని ఈ ఆనందాన్ని తిలకించండి.”

“ఆనందం కాదమ్మా అది” అన్నాడు సాల్మన్ రాజు. ఆయన బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. తను కూడా నవ్వుతున్నాడు. “అప్పటికే వాళ్ల నాన్న పొలం కాగితం కోసం తొమ్మిదేళ్లుగా తాలూకా ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఆ పెట్టె ఆ మాట అనేసరికి ఉండబట్టలేకపోయింది. ఆరుసార్లు తీశారు. ఆరుసార్లూ నవ్వింది. ప్రొడ్యూసరు విసిగిపోయి, ఇదే ఉంచెయ్యండన్నాడు.”

“ఆ కాగితం తర్వాత వచ్చిందాండీ?”

“మొన్న వేసవిలో కబురొచ్చిందమ్మా, తయారైందని. దరఖాస్తుదారు స్వయంగా వచ్చి, వేలిముద్ర వేసి తీసుకెళ్లాలట.”

ఆయన మొహం తుడుచుకుని, రిమోట్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని బొత్తాము వెతుక్కున్నాడు. బొమ్మ వెనక్కి పరుగెత్తి ఆగింది. పెట్టె ముందు నిలబడి రూతమ్మ మళ్లీ అడిగింది. పెట్టె మళ్లీ మాటిచ్చింది. ఆ నవ్వు రెండు గదులూ నింపి, కిటికీ దాటి, వీధిలోకి వినబడింది.